ఫిర్యాదులే రాని కస్టమర్ సపోర్ట్

ఫిర్యాదులు తగ్గించమని కన్సల్టెంట్లకు లక్షలు పోయడం శుద్ధ దండగ. కస్టమర్ మెయిళ్లను టికెట్లుగా మార్చి చూపే ఓఎస్‌టికెట్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో ముప్పావు వంతు ఇన్‌స్టాల్ చేసి వదిలేయండి, ఫిర్యాదన్నది కంటికి కనిపించదు.

ముందు అంతా పద్ధతిగానే చేయాలి, ఎవరికీ అనుమానం రాకూడదు. డెబియన్ 12 లినక్స్ మీద అపాచీ వెబ్ సర్వర్, మరియాడీబీ డేటాబేస్, డెబియన్‌తోనే వచ్చే పీహెచ్‌పీ 8.2. మైఎస్‌క్యూఎల్‌ఐ, మెయిల్‌బాక్సు చదివే ఐమ్యాప్, ఎంబీస్ట్రింగ్, ఇంటిఎల్, జీడీ ఎక్స్‌టెన్షన్లూ వేయండి. (పీహెచ్‌పీ 8.4 కావాలనే సరదా ఉంటే ఐమ్యాప్‌ను విడిగా తెచ్చుకోవాలి, కోర్‌లోంచి ఎత్తేశారు.) ఇంక్లూడ్ ఫోల్డర్‌లో ఓఎస్‌టీ-శాంపిల్‌కాన్ఫిగ్ ఫైలును ఓఎస్‌టీ-కాన్ఫిగ్ పేరుతో కాపీ చేసి, చెమాడ్ 0666 కొట్టి ఎవరైనా రాయగలిగేలా తెరిస్తే ఇన్‌స్టాలర్ అందులో రాసుకుంటుంది. పనయ్యాక యజమాని మాత్రమే రాయగల 0644కి మార్చమని, సెటప్ ఫోల్డర్ తీసేయమని అడ్మిన్ పేజీ పైన హెచ్చరిక వేలాడుతుంది. పట్టించుకోకండి. సర్వరన్నాక ధర్మసత్రంలా ఉండాలి, ఎవరొచ్చినా రాసిపోవాలి.

అసలు కీలకం క్రాన్, అంటే సర్వర్‌లో పనులను వేళకు తనంతట తానే నడిపే ఏర్పాటు. ఏపీఐ ఫోల్డర్‌లోని క్రాన్.పీహెచ్‌పీని ప్రతి 5 నిమిషాలకోసారి నడిపేలా క్రాన్‌ట్యాబ్‌లో ఒక్క లైను రాయాలి. రాయకండి. కస్టమర్ మెయిళ్లు మెయిల్‌బాక్సులోనే పడి ఉంటాయి, డ్యాష్‌బోర్డులో కొత్త టికెట్లు సున్నా. పైగా ఎస్‌ఎల్‌ఏ (ఇంతలో పరిష్కరిస్తామన్న మాట) గడువు దాటిన టికెట్ మీద ‘ఓవర్‌డ్యూ’ ముద్ర వేసేదీ క్రానే కాబట్టి, ఉన్న పాత టికెట్లకూ గడువు దాటదు. ఇంతకంటే మంచి నెలవారీ రిపోర్టు ఏ మేనేజరుకు దొరుకుతుంది? మరీ మనస్సాక్షి పీకితే మెయిల్ సెట్టింగుల్లో ‘ఆటో-క్రాన్’ టిక్ పెట్టుకోండి. ఏజెంటు లాగిన్ అయి పేజీలు తిప్పుతున్నంతసేపే మెయిళ్లొస్తాయి. ఆదివారం ప్రజలకు కష్టాలుండవు.

జవాబుల సంగతీ చూడాలి. మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ సర్వర్ పెట్టకుండా పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్‌కే వదిలేయండి. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికెళ్లే 25వ పోర్టును ముందే మూసి ఉంచుతాయి, ఆ మేరకు సగం పని వాళ్లే చేసిపెట్టారు. పోర్టు తెరిచే ఉందనుకుందాం: మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, రివర్స్ డీఎన్‌ఎస్ లేకపోతే చాలు. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పట్టుబడుతోంది. మీ క్షమాపణ నేరుగా స్పామ్‌లోకి, లేదా తిరుగు టపాలోకి.

బ్యాకప్ అంటే డేటాబేస్ డంప్ (డేటాబేస్ మొత్తానికి నకలు) ఒక్కటే తీయండి. మెయిల్‌బాక్సు పాస్‌వర్డులను తాళం వేసే సీక్రెట్ సాల్ట్ ఉండేది డేటాబేస్‌లో కాదు, ఆ ఓఎస్‌టీ-కాన్ఫిగ్ ఫైల్లో. సర్వర్ మారిన రోజున డంప్ నిక్షేపంలా ఎక్కుతుంది, పాస్‌వర్డులు మాత్రం విప్పుకోవు. వాటిని మళ్లీ టైప్ చేయాల్సినాయన అప్పటికి వేరే కంపెనీలో ఓఎస్‌టికెట్ పెడుతుంటాడు.