పత్రి కట్టలో పేకముక్కలు

వినాయక చవితి ముందురోజు పర్లాకిమిడి బజారులో పత్రి కట్ట కొన్నవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. కట్టలో 21 రకాలు ఉన్నాయని అమ్మేవాడు ఒట్టేసి చెబుతాడు. ఇంటికెళ్ళి విప్పితే నాలుగు మామిడాకులు, మిగతాదంతా గరిక. మాచీపత్రం ఏదయ్యా అని ముందే అడిగి ఉంటే, 'అదేనండి' అని దేన్నో చూపించేవాడు. మనమూ సర్దుకుంటాం, వినాయకుడూ సర్దుకుంటాడు.

విండోస్‌లాగే కంప్యూటర్ని నడిపే ఉచిత వ్యవస్థ లైనక్స్. దాని సాఫ్ట్‌వేర్‌ని కట్టలు కట్టేవాళ్ళలో ఇంత దగా లేదు. వాళ్ళ జబ్బు వేరు. 21 అడిగితే రెండొందలు ఇస్తారు.

మా మేనల్లుడికి ఊళ్ళో డీటీపీ కొట్టుంది. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, పెద్దకర్మ కార్డులు వేస్తాడు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇటు ఒడిశా. అంచేత కార్డుకి ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. ఆ కొట్టు కంప్యూటరులో డెబియన్ అనే రకం లైనక్స్ ఎక్కించే బాధ్యత నేను నెత్తికెత్తుకున్నాను. పేరే శుభసూచకంగా తోచింది. 1993లో ఇయాన్ మర్డాక్ తన ప్రియురాలు డెబ్రా పేరు ముందు పెట్టి, తన పేరు వెనక తగిలించి డెబియన్ అన్నాడు. అది సిస్టమ్ పేరా, శుభలేఖా?

తెర మీద మెనూలు, కిటికీలు చూపించే కేడీఈ డెస్క్‌టాప్ కట్టలు మూడు సైజుల్లో కనిపించాయి. చిన్నది, మధ్యరకం, నిండుది. ఉచితం కదా, నిండుది తీసుకున్నాను. పెళ్ళి భోజనానికి వెళ్ళి సగం విస్తరి వేయమని ఎవరైనా అడుగుతారా?

మర్నాడు మెనూ తెరిస్తే గుండె జారింది. కాల్జియం అని మూలకాల పట్టిక. మార్బుల్ అని భూగోళం. కేస్టార్స్ అని ఆకాశం మొత్తం. పేకాట సరేసరి. శుభలేఖ అచ్చు వేయడానికి 118 మూలకాలు ఎందుకో నాకింకా బోధపడలేదు. ముహూర్తం కాగితం ఇవ్వడానికొచ్చిన సిద్ధాంతిగారు మాత్రం కేస్టార్స్ ముందు కూర్చుని గంటన్నర లేవలేదు. గురుడు ఉండాల్సిన చోటే ఉన్నాడని ధ్రువీకరించి, రాహుకాలం చూపించదేమని నన్ను నిలదీశారు.

ఇవన్నీ ఎలా వచ్చిపడతాయో విచారించాను. డెబియన్‌లో ఒక్కో సాఫ్ట్‌వేర్ మూటనీ ప్యాకేజీ అంటారు. వాటి మధ్య ముఖ్యమైన చుట్టరికాలు మూడు. తప్పనిసరి, సిఫారసు, సూచన. తప్పనిసరి అంటే అది లేకుండా ఇది కదలదు. సూచన అంటే మొహమాటానికి చెప్పేది, ఎవరూ పట్టించుకోరు. పెత్తనమంతా మధ్యదానిది. సిఫారసు ఉన్న ప్యాకేజీ అడక్కుండానే లోపలికొచ్చి కూర్చుంటుంది, ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ అనే గుమాస్తా కిమ్మనడు. ఆపాలంటే సిఫారసులు వద్దని ప్రత్యేకంగా రాసివ్వాలి. దీన్ని తయారుచేసినవాళ్ళు మన ఆఫీసులు ఎన్నడూ చూడలేదంటే నేను నమ్మను.

కనీసం పేకాట తీసెయ్ మావయ్యా అన్నాడు మేనల్లుడు. తీయబోతే దాంతోపాటు ఆటల కట్ట, దాన్ని నమ్ముకున్న నిండు కట్ట కూడా పోతాయని తెర మీద జాబితా వచ్చింది. బావమరిది ఒక్కడు అలిగితే మగపెళ్ళివారంతా లేచిపోయినట్టు! హడలిపోయి వద్దన్నాను. ఆనక తెలిసింది, ఈ కట్టల్లో నిజానికి ఏమీ ఉండదట. మెటాప్యాకేజీ అంటారు. ఖాళీ డబ్బా, దానిమీద ఒక సరుకుల చీటీ. చీటీ చింపితే కొట్లో పప్పు పోదు. (ఆ తర్వాత 'అక్కర్లేనివి ఊడ్చెయ్' అని ఆదేశం ఇచ్చే ముందు మాత్రం జాబితా మొత్తం చదవండి. ఇది వ్యంగ్యం కాదు.)

డెబియన్‌లో వైద్యులకి కట్ట ఉంది. రసాయన శాస్త్రజ్ఞులకి ఉంది, చిన్నపిల్లలకి ఉంది, సరదాకి సొంత రేడియోల్లో మాట్లాడుకునే హ్యామ్ రేడియోవాళ్ళకీ ఉంది. పెళ్ళి కార్డులు వేసేవాడికి లేదు. వైశాఖమాసంలో మా మెయిన్ రోడ్డు మీద హ్యామ్ రేడియో కోసం ఎంతమంది బారులు తీరుతున్నారో ప్రభుత్వం వెంటనే సర్వే చేయించాలి.

ఇక భాష. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి ప్రశ్నే అది, జవాబు ఒక్కటే చెప్పాలి. మా ఊరిని ఆ ప్రశ్న 1936లో ఒకసారి అడిగారు, ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు. అరుగుల మీద ఆ చర్చ ఇంకా ముగియలేదు. గిడుగు రామమూర్తి ఈ ఊళ్ళోనే పాఠాలు చెబుతూ, వ్యావహారిక తెలుగు కోసం పోట్లాడుతూ, సవర గిరిజనుల భాష కూడా నేర్చుకుని దానికి నిఘంటువు చేశారు. ఆయన ఇన్‌స్టాల్ చేసి ఉంటే మొదటి పేజీ దగ్గరే ఆగిపోయేవారు.

చివరికి సొంత కట్ట కట్టాలని తీర్మానించాను. ఈక్వివ్స్ అనే పనిముట్టుంది, చీటీ రాసిస్తే ఖాళీ డబ్బా అదే చేస్తుంది. బొమ్మలకి ఇంక్‌స్కేప్, ఫొటోలకి గింప్, రాతకోతలకి లిబ్రెఆఫీస్, రెండు లిపుల ఫాంట్లు, టైపు చేయడానికి ఐబస్. పేజీలు అమర్చడానికి స్క్రైబస్ కూడా, కానీ 2024లో వచ్చిన 1.6గానీ ఆ తర్వాతదిగానీ కావాలి. పాత 1.4కి మన ఒత్తుల సంగతి తెలియదు. పెళ్ళికూతురి పేరులో ఒత్తు జారితే ఆ శుభలేఖ వేరే అమ్మాయిదైపోతుంది.

ఏడింటితో సరిపెడదామనుకున్నాను. మేనల్లుడు స్కానర్‌కి ఒకటి, పీడీఎఫ్‌లు అతకడానికి ఒకటి అన్నాడు. సిద్ధాంతిగారు కేస్టార్స్‌కి గట్టిగా సిఫారసు చేశారు. ఎదురింటి మాస్టారు పిల్లలకి పనికొస్తుందని మూలకాల పట్టిక రాయించారు. రాత్రి చీటీ లెక్కపెడితే సరిగ్గా 21. అందులో పేకాట కూడా ఉంది. అది నేనే రాశాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కొట్టు మాత్రం తెరిచే ఉంటుంది.