మునిగిన ఊరికి ప్రాముఖ్యత లేదట!

మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. దాని గురించి ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నాలుగు పేరాలు రాశాను. వారం తిరగకుండానే "ప్రాముఖ్యత లేదు, తొలగించాలి" అని ప్రతిపాదన పెట్టారు. ఇప్పుడక్కడ ఎవరూ లేరు కదా అంటారు!

కడుపు మండిపోయింది. ఆ నీళ్ల కింద ఉన్నది ఒక్క మా ఊరేనా? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. దాని గురించి అందరూ రాస్తారు, రాయాలి కూడా. మరి అలాంటి గుళ్లలో దీపం పెట్టిన మనుషుల ఊళ్ల మాటేమిటి?

ఆధారాలు అడగండి, తప్పు లేదు. 1971 జనాభా లెక్కల్లో మా ఊరి పేరుంది. భూసేకరణ గెజిట్‌లో సర్వే నంబర్లతో సహా ఉంది. ప్రభుత్వం ఒకసారి ఊరని రాసుకున్నాక, జనాన్ని ఖాళీ చేయిస్తే అది ఊరు కాకుండా పోతుందా?

మొన్న వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గితే అమ్మను తీసుకెళ్లాను. ఒండ్రులోంచి రాతి పునాదులు, అంచు విరిగిన ఒక రుబ్బురోలు బయటపడ్డాయి. అమ్మ ఆ రోలు పక్కనే కూలబడి, "ఇది మా వాకిలిరా, అదిగో పశువుల కొట్టం" అని చేత్తో చూపించింది.

చర్చకు ఇంకా మూడు రోజులు గడువుంది. గెజిట్ పేజీ ఫొటో రాత్రే ఎక్కించాను.