ఇంకా తొమ్మిది ఉండాయి

మొన్న శనివారం నుంచి మా ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. కాఫీ మాత్రం వేళకి వస్తోంది. గ్లాసు టేబుల్ మీద పెట్టే చప్పుడును బట్టి కోపం ఎంత దిగిందో అంచనా వేసుకుంటున్నా. ఈ పొద్దు మా ఆవిడ కాస్త మెత్తగానే పెట్టింది. ఇదే అదనని రాసేస్తున్నా.

సంగతి చెప్పేస్తా. మా పాప అమెరికాలో ఉంది. అల్లుడిది హెచ్1బీ వీసా, పాపది హెచ్4. హెచ్4 అంటే ఆ దేశంలో ఉండొచ్చు, వండొచ్చు, మంచు ఊడవొచ్చు, ఒక్క డాలరు సంపాదించకూడదు. ఎంటెక్ చేసిన పిల్ల ఆరేళ్ళు ఇడ్లీ పిండి రుబ్బింది. మొగుడి గ్రీన్‌కార్డుకు సంబంధించిన ఐ-140 అనే కాగితం పాసయితే పెళ్ళాం కూడా పనికి అనుమతి అడగొచ్చని 2015 మే నెల నుంచి అక్కడ రూలుంది. అల్లుడిది పాసయింది. పాప ఐ-765 అనే దరఖాస్తు పెట్టింది, కార్డొచ్చింది. ఈఏడీ అంటారు. ఆ కార్డు మీద సి26 అని ఉంటుంది, ఆర్టీసీ బస్సులో సీటు నంబరు మాదిరి. అదే దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా కావాలని టిక్కు పెట్టినందువల్ల, రెండు వారాల్లో ఆ కార్డూ పోస్టులో వచ్చేసింది.

ఇదంతా మా ఆవిడ లెక్కలో ప్రభుత్వం వల్ల వచ్చింది కాదు. పోయినేడు బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి పోయి, స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ఎవరో కావలి ఆవిడ చేతిలోంచి ఉద్యోగం రొట్టె అందుకుంది. నెల్లూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటోళ్ళ కోసం చెప్తున్నా: కోరిక ఉన్నోళ్ళు రొట్టె పట్టుకుంటారు, తీరినోళ్ళు మరుసటేడు వచ్చి అదే చెరువులో రొట్టె వదులుతారు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, అన్నీ వేరువేరుగా అడిగి పట్టుకుంటారు. ఇక్కడే మా ఇంట్లో చిన్న తగాదా. వచ్చింది పనికి అనుమతే గదా, పని రాలేదు గదా, అలాంటప్పుడు రొట్టె ఇప్పుడు వదలాలా, ఉద్యోగం వచ్చినాక వదలాలా అని నేను న్యాయమైన ప్రశ్న అడిగా. ముప్పై నాలుగేళ్ళు నీటిపారుదల శాఖలో గుమాస్తాగిరీ చేసినోణ్ణి, శాంక్షన్ వేరు, రిలీజ్ వేరు అని నాకు తెలియదా? మా ఆవిడ చూసిన చూపుకి మళ్ళా అడగలేదు.

పాప ఆడపడుచు పెళ్ళికి ఎటూ వస్తోంది కాబట్టి, రెండు కార్డులూ పట్టుకు రమ్మని తల్లి హుకుం. చెరువు దగ్గర రొట్టెతో పాటు కార్డులు కూడా కళ్ళకద్దుకోవాలంట. పిల్ల తెచ్చింది.

ఈఏడీ కార్డు గట్టి ప్లాస్టిక్. దానికి పుట్టుకతోనే లామినేషన్. రెండోది చూసి నా గుండె జారింది. కాగితం! నీలం రంగులో, అరచేతిలో పట్టేంత కాగితం ముక్క. మనిషి బతుకంతా పట్టుకు తిరిగే తొమ్మిదంకెల నంబరు, జీతం, పన్ను, పింఛను అన్నీ దానికే ముడిపెట్టి, అంత పెద్ద దేశం దాన్ని కాగితం మీద అచ్చేసి పంపుతుందా? మా మూలాపేటలో చీటీపాటల పుస్తకానికి ఇంతకంటే మంచి అట్ట ఉంటుంది.

మీరు నా పరిస్థితి అర్థం చేసుకోవాలి. 2015 నవంబరు వానలకు మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. బీరువా కింది అరలో నా సర్వీసు కాగితాలు, మా అమ్మ జాతకం, పాప టెన్త్ మార్కుల లిస్టు, అన్నీ ముద్దయిపోయాయి. ఇస్త్రీపెట్టె పెట్టి ఆరబెట్టుకున్నా ఒక్కోటి. ఆనాటి నుంచి మా ఇంట్లో కాగితం అనేది లామినేషన్ లేకుండా రాత్రి నిద్రపోదు. పెన్షన్ ఆర్డరు చేయించా. గ్యాస్ పుస్తకం చేయించా. ఇంటి పన్ను రసీదు చేయించా. మా ఆవిడ బీపీ మాత్రల చీటీ చేయిస్తే, తర్వాత డాక్టరు దాని మీద రాయడానికి పెన్ను జారిపోయి తిట్టాడు, అది వేరే కథ. ఇంట్లో దీన్ని జబ్బంటారు. నేను జాగ్రత్త అంటాను.

అలాంటి నా కళ్ళ ముందు ఆ కాగితం చెరువులోకి దిగబోతోంది.

పాప నిద్రపోతోంది, జెట్‌లాగ్. మధ్యాహ్నం రెండున్నరకి కార్డు చొక్కా జేబులో పెట్టుకుని ట్రంకురోడ్డు సందులో నేనెప్పుడూ పోయే జిరాక్స్ షాపుకి పోయా. కుర్రాడు కార్డు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరుకి పైన అచ్చేసి ఉన్న ముక్క కూడబలుక్కుని చదివాడు: "వ్యాలిడ్ ఫర్ వర్క్ ఓన్లీ విత్ డీహెచ్‌ఎస్ ఆథరైజేషన్." ఆ దేశపు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని దానర్థం.

"వర్క్ అంటే, ఉపాధి హామీ జాబ్ కార్డా సార్?"

"అమెరికాది," అన్నా.

"ఆడ కూడా ఉపాధి హామీ ఉందా సార్?"

వివరించే ఓపిక లేక ఉందన్నా. మా ఇంటి ఫైలుకి ముందొక జిరాక్స్ తీయించా. తర్వాత కుర్రాడు కార్డును ప్లాస్టిక్ కవర్లో దూర్చి, లామినేషన్ మిషన్ మీద పచ్చ లైటు వచ్చేదాకా ఆగి, నోట్లో పెట్టాడు. మిషన్ గుర్‌ర్ మని ఒక అంగుళం లాక్కుంది. ఇంకో అంగుళం లాక్కుంది.

కరెంటు పోయింది.

ఆ నిశ్శబ్దం మీకెట్టా చెప్పాలి! ఫ్యాను ఆగిపోతా టక్ టక్ మంటోంది. మిషన్లోంచి వేడి ప్లాస్టిక్ వాసన. రోలర్ల మధ్య మా పాప ఆరేళ్ళ ఎదురుచూపు సగం లోపల, సగం బయట. చెట్టు మీది తొర్రలోకి దూరుతున్న ఉడతకి తోక మాత్రం కనిపించినట్టు, కార్డు కింది అంచు కనిపిస్తోంది. నేను పట్టుకు లాగబోతే కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "లాగొద్దు సార్, చినిగిపోద్ది. రివర్స్ బటన్ ఉండాది." నొక్కు మరి అన్నా. "దానికీ కరెంటు కావాల సార్."

ఇన్వర్టరు లేదా అంటే ఉంది. కంప్యూటరుకీ ఇంకో ఫ్యానుకీ మాత్రం కనెక్షనిచ్చారు. ఆ ఫ్యాను కూడా బిగించింది ఓనరు కుర్చీ మీద. ఓనరు లేడు. ఖాళీ కుర్చీకి గాలి తగులుతోంది, మేం చెమటలు కారుస్తున్నాం.

ఇంతలో పక్కన బల్ల మీద కూర్చున్న తెల్లచొక్కా పెద్దమనిషి లేచాడు. నెల్లూర్లో ఏ జిరాక్స్ షాపులో నిలబడినా ఒక అమెరికా తండ్రి తగులుతాడు. నేను కూడా ఇంకో షాపులో ఇంకొకరికి అట్టాంటోణ్ణేనేమో, కానీ నేను ఇంత మాట్లాడను. ఈయన కొడుకు డల్లాస్‌లో, కోడలికి పోయినేడు ఈఏడీ వచ్చిందంట.

"కార్డు రాంగానే సంకలు గుద్దుకోగూడదు సామీ," అని మొదలుపెట్టాడు, నా కార్డు పొయ్యిలో ఉండగా. "ముందు పేరులో అక్షరాలు చూసుకోవాల. పుట్టిన తేదీ చూసుకోవాల. తప్పుంటే అప్పుడే చెప్పుకోవాల."

చూసుకున్నాం అన్నా, ఉడత తోక వైపు చూస్తా.

"ఉద్యోగంలో చేరినాక ఐ-9 అని ఒక ఫారం ఉంటది. చేరిన మూడు పనిదినాల్లోగా కంపెనీవోళ్ళు కాగితాలు చూసి నింపాల. దానికి మీ పాప ఈఏడీ ఒక్కటి చూపిస్తే చాలు. మనిషెవరో అదే చెప్తది, పనికి హక్కుందనీ అదే చెప్తది. ఇంకోటి తే, ఇదే తే అని కంపెనీవోడు పట్టుబట్టగూడదు. తర్వాత పన్ను కోతకి డబ్ల్యూ-4."

కుర్రాడు ఫోను లైటు వేసి మిషన్ నోట్లోకి చూస్తున్నాడు, పంటి డాక్టరు లాగా.

"క్రెడిట్ అని ఒకటుంటది. ఆ దేశంలో అప్పు లేనోణ్ణి మనిషిగా చూడరు సామీ. చిన్న కార్డొకటి తీసుకుని, వాడుకుని, నెలనెలా కట్టాల. ఇంకో మాట. ఈఏడీకి గడువు తేదీ ఉంటది. అది అయిపోకముందు ఆరు నెలల నుంచీ రెన్యువల్ పెట్టుకోవచ్చు. మా కోడలు గోడ మీద క్యాలెండర్లో ఎర్రసున్నా చుట్టింది."

మనిషి చెప్పేదంతా నిజమే. తర్వాత పాపనడిగితే కూడా నిజమేనంది. అదే నాకు ఇంకా మంట. ఇరవై నిమిషాలు చెప్పాడు. చెప్పి చెప్పి, మిషన్ దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు పైకెత్తి, ఆ అంచుని తేరిపార చూసి, "ఇంతకీ ఈడ ఇరుక్కున్న కాగితమేంది?" అన్నాడు.

సోషల్ సెక్యూరిటీ కార్డన్నా.

"అయ్యో! దాన్ని లామినేషన్ జెయ్యగూడదే! దాంట్లో దొంగకార్డు కనుక్కునే గుర్తులేవో ఉంటాయంట, ప్లాస్టిక్ ఏస్తే అవి కనపడవంట. ఆ ఆఫీసోళ్ళే వద్దంటారు."

ఆ మాట ఇరవై నిమిషాల క్రితం చెప్పినా లాభం లేదు, కరెంటు అప్పటికే పోయింది. కానీ మనిషికి ఒక వరస ఉండద్దా? కొంప కాలుతుంటే నీళ్ళు తెమ్మని చివర్లో చెప్తారా?

కరెంటొచ్చింది. నేను "రివర్స్!" అని అరిచా. కుర్రాడు కంగారులో దేన్ని నొక్కాడో దేవుడికి తెలియాలి. మిషన్ మిగతాదంతా గుటుక్కున మింగి అవతల పక్క కక్కింది. అంతసేపు వేడిలో ఉన్న సగం అప్పడంలా ఉబ్బింది. మధ్యలో కుచ్చిళ్ళు. సరిగ్గా నంబరు మీద చివరి అంకె దగ్గర ఒక బుడగ. అది మూడా, ఎనిమిదా?

తెల్లచొక్కాయన కార్డు నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకి పట్టుకున్నాడు. "ఈ నంబరు పుట్టినబిడ్డక్కూడా చెప్పగూడదు సామీ, దొంగలు దాంతో మన పేరన అప్పులు తీసుకుంటారు," అని హెచ్చరించి, అదే ఊపిరిలో మొదటంకె నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో అంకె దగ్గర ఆగి, "మూడంటారా, ఎనిమిదంటారా?" అని షాపులో ఉన్నోళ్ళనడిగాడు. ఇద్దరు మూడన్నారు. హాల్‌టికెట్టు ప్రింటు కోసం వచ్చిన ఆడపిల్ల ఎనిమిదంది. కుర్రాడు మాత్రం "జిరాక్స్ కాపీలో చూడండి సార్" అన్నాడు. ఆ షాపులో మెదడున్నది వాడొక్కడికే.

ముప్పై రూపాయలిచ్చి వచ్చేశా.

పాప ఏమీ అనలేదు. కార్డును చాలాసేపు చూసి, "నాయనా" అంది, అంతే. అల్లుడు మాత్రం వీడియోలో "మామయ్యా, మీరేమీ అనుకోకపోతే..." అన్నాడు. ఆ మాటన్నాడంటే ఇంక అన్నీ అనుకోవలసినవే ఉంటాయి. తీరా చెప్పింది ఏందంటే, ఎస్ఎస్-5 అనే ఫారం పెడితే కొత్త కార్డు ఊరికే ఇస్తారంట, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు మారదు. ఏడాదికి మూడు, జీవితం మొత్తానికి పదిసార్లు ఇస్తారంట.

"అంటే ఇంకా తొమ్మిది ఉండాయి గదా," అన్నా నేను, ధైర్యం చెబుదామని.

పాప లేచి లోపలికి పోయింది. అప్పటి నుంచే ఈ మౌనవ్రతం.

నేనొక్కణ్ణే దోషినా? ఆ కార్డును జేబులో పెట్టుకుని తిరగొద్దు, ఇంట్లో భద్రంగా దాచుకోండని ఆ ఆఫీసువాళ్ళే చెప్తారంట. దాన్ని సముద్రాలు దాటించి తెచ్చిందెవరు? తెప్పించిందెవరు? పైగా ఐ-9కి ఈఏడీ చాలని తెల్లచొక్కాయన చెప్పనే చెప్పాడు. డీహెచ్‌ఎస్ అంటూ ఆ వాక్యం అచ్చేసున్న కార్డు ఐ-9కి రుజువుగా పనికే రాదని అల్లుడే అన్నాడు. అంటే పనికిరాని కార్డుకి ప్లాస్టిక్ వేసినందుకా నాకీ శిక్ష? ఈ మాట నేనింకా ఇంట్లో అనలేదు. గ్లాసు చప్పుడు ఇంకాస్త తగ్గాక అందామని ఆగా.

రాత్రి నిద్రపట్టక ఫోన్లో చదువుతుంటే ఒక సంగతి కనపడి ప్రాణం లేచొచ్చింది. 1938లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పర్సుల కంపెనీ, కార్డు ఇందులో ఎంత బాగా పడుతుందో చూడండని ప్రతి పర్సులో ఒక నమూనా కార్డు పెట్టి అమ్మిందంట. ఆ నమూనా మీద వేసింది, కంపెనీలోనే పనిచేసే ఒకావిడ అసలు నంబరు! కొన్నోళ్ళు అది తమ నంబరే అనుకుని వాడేశారు. 1943లో ఒక్క ఏడాదే 5,755 మంది వాడుతున్నట్టు లెక్క తేలింది. నేను పాప నంబరు చదివించింది షాపులో ఐదుగురి ముందరే. మా ఆవిణ్ణి లేపి చెప్పబోయా. అటు తిరిగి పడుకుంది.

నిన్న తల్లీకూతుళ్ళు స్వర్ణాల చెరువుకి పోయొచ్చారు. రొట్టె వదిలారు. జనం తోపులాటలో మా ఆవిడ చేతిసంచి నీళ్ళలో మునిగిందంట. చీర కొంగు తడిసింది, సెల్‌ఫోను తడిసింది, రెండో రొట్టె ముద్దయింది. కార్డు మాత్రం... నేనేమీ అనలేదు. టవలు తెచ్చిచ్చి పక్కన నిలబడ్డా.

కాఫీ గ్లాసు మెత్తగా పడింది ఈ పొద్దే. ఇదంతా ఇంతవరకూ రాసి తలెత్తితే, నా వాట్సాప్‌కి జిరాక్స్ షాపు కుర్రాడి నుంచి మెసేజొకటి వచ్చి ఉంది. ఫొటో పెట్టాడు, కింద రాశాడు: "సార్ మీ జాబ్ కార్డ్ స్కాన్ మా కంప్యూటర్లో ఉండిపోయింది. డిలీట్ చెయ్యమంటారా, లామినేషన్ చెయ్యమంటారా?"