వాకిట్ల నిలబడితే అభిసారిక కాదు

హన్మకొండలో నాట్య ప్రదర్శన అంటే చాలు, మైకు పట్టుకున్నోళ్లు ఎదురుచూసే ప్రతి నాయికనూ అభిసారిక అనేస్తారు. ఒళ్లు మండిపోతుంది. ‘సృ’ అంటే కదలడం, ‘అభి’ అంటే వైపు. ప్రియుడి వైపు కదలడమే అభిసారం. కాంతుణ్ని కోరి సంకేతానికి వెళ్లేదే అభిసారిక అని సంస్కృత నిఘంటువు అమరకోశం సూటిగా చెప్పింది. సంకేతమంటే ముందే అనుకున్న చోటు: పొలం, తోట, పాడుబడ్డ గుడి, ఏటి ఒడ్డు, ఆఖరికి శ్మశానం కూడా. ఇల్లు సర్ది, సింగారించుకుని కూర్చున్నది వాసకసజ్జిక. అతను ఆలస్యం చేస్తే దిగులుపడేది విరహోత్కంఠిత. సంకేతానికి పోయినా అతను రాకపోతే విప్రలబ్ధ.

వేషం సంగతి ఇంకా ఘోరం. చీకట్లో పోయే కృష్ణాభిసారికకు నల్లచీరో నీలిచీరో కట్టాలి. వెన్నెల్లో పోయే శుక్లాభిసారికకు తెల్లచీర, ముత్యాలు, మల్లెలు, ఒంటికి గంధం. కులస్త్రీ అయితే ముసుగేసుకుని, ఒదిగి, నగలు చప్పుడు కాకుండా నడవాలి. అందెలు మోగించుకుంటూ పోయేది వేశ్య. మరి అమావాస్య రాత్రి ఇంటి కోడలికి జరీ మెరిసే ఎర్రచీర కట్టించి, గజ్జెలు గల్లుగల్లుమనిపిస్తే వాడ వాడంతా లేవదా?

ఇంకొందరు అభిసారిక అనే మాటను వ్యభిచారిణికి బదులు వాడతారు. వ్యభిచారిణిది ‘చర్’ ధాతువు, దానికీ ‘సృ’కీ సంబంధమే లేదు.