పసుపు తీగ, ఎరుపు తీగ

తిరుపతి, రేణిగుంట రోడ్డు. కారు డాష్‌బోర్డు విప్పి ఉంది, కొత్త స్టీరియో సీటు మీద. కారు అల్లుడిది. మామ ఆటో ఎలక్ట్రీషియన్.

అల్లుడు: పాత సాకెట్ కోసేసి, తీగలు మెలేసి టేపు చుడితే పావుగంట పని మామా. ఇంత దానికి, కారు సాకెట్‌కూ కొత్త సెట్‌కూ నడుమ తగిలించే కప్లర్ కొనాల్నా?

మామ: కొనాల్సిందే. సాకెట్ కోస్తే రేపు ఇంకో సెట్ పెట్టాలన్నా ఏ తీగ యాడిదో వెతుక్కోవాల. మన ఎండలకు అద్దాలు మూసిన కారులో టేపు జిగురు కరిగి ఊడిపోతాది. బోడి తీగ బాడీకి తగిల్తే ఫ్యూజ్ పోతాది.

అల్లుడు: పోనీ, ఇంకోటి వేస్తా.

మామ: పదికి బదులు ముప్పై ఆంపియర్లది వేస్తావు. అప్పుడు ఫ్యూజ్ నిలబడి తీగ కాలతాది.

అల్లుడు: సెట్ తీగల్లో పసుపూ ఎరుపూ రెండూ పన్నెండు వోల్టులే గదా. కలిపి బ్యాటరీకి ఇచ్చేస్తే తాళం లేకుండానే పాటలు వినొచ్చు.

మామ: పసుపుకు ఎప్పుడూ కరెంటుండాల, టైమూ స్టేషన్లూ గుర్తు పెట్టుకునేది దాంతోనే. ఎరుపుకు తాళం తిప్పినాకే రావాల. రెండూ కలిపి, సెట్ ఆపేది మరిచిపోయినావంటే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతాది. ఇంజన్ వేయకుండా తాళం ఒక మెట్టు తిప్పినా పాట వస్తాది గదా నాయినా!

అల్లుడు: సరే, రంగు చూసి కలుపుతా.

మామ: కారు వైపు రంగును నమ్మొద్దు. కొన్ని బండ్ల సాకెట్‌లో ఆ రెండూ తారుమారుగా ఉంటాయి. తాళం తీసి ఒకసారి, తిప్పి ఒకసారి మీటర్ పెట్టి చూడు.

అల్లుడు: స్పీకర్ల మైనస్‌లన్నీ కలిపి బాడీకి ఇచ్చేది? పాత బండ్లలో అట్లే ఉండేది.

మామ: ఆ కాలం సెట్లకు చెల్లింది. ఇప్పటివాటిలో స్పీకర్ రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటాది. బాడీకి తగిలిస్తే లోపల యాంప్లిఫయర్ చిప్ కాలిపోతాది. గీత ఉండే తీగ మైనస్, దాని జత ప్లస్. ఒక స్పీకర్‌కు తిరగేసి ఇచ్చినా మోగుతాది, కానీ బేస్ చచ్చిపోతాది. అందుకే చాలామందికి తప్పు తెలియదు. ఇంగ నీలం తీగ. యాంటెనాలో సిగ్నల్ పెంచే బూస్టర్ ఉండే బండికి, దానికి కరెంటిచ్చే ఆ తీగ కలపకపోతే, ఊర్లో ఉండే ఆకాశవాణి కూడా గరగరమంటాది.

అల్లుడు: ఈ పాత బండికి కప్లర్ దొరక్కపోతే?

మామ: అప్పుడు నీ మాటే సరి. కొయ్యి, కానీ సాకెట్ వైపు జానెడు తీగ వదిలి కొయ్యి. మెలేసి వదలొద్దు, సోల్డర్ చేసి పైన వేడికి ముడుచుకునే ష్రింక్ ట్యూబ్ ఎక్కించు. అది సరే, బ్యాటరీ మైనస్ ఊడదీసినావా?

అల్లుడు: లేదే.

మామ: తీగల మీద చెయ్యి తీయి. ముందు ఆ పదో నంబర్ స్పానర్ అందుకో.