మా ఎచ్చెర్లకి దిక్కెవరో ముందు అది చెప్పండి

చిన్నాన్న ఇప్పుడే విజయనగరం నుంచి వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. పొద్దున్న పట్టుకెళ్లిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, అందులో నాలుగు మడతల అర్జీ కూడా అలాగే ఉంది. ఎవరూ తీసుకోలేదు. "మీది శ్రీకాకుళం జిల్లా కదా, అక్కడే ఇచ్చుకోండి" అన్నారట. పోయిన సోమవారం శ్రీకాకుళంలో కలెక్టరు ఆఫీసు గ్రీవెన్సుకి (అర్జీలు తీసుకునే చోటికి) వెళ్తే అక్కడేమన్నారు? "నీళ్లొచ్చేది విజయనగరం జిల్లా నుంచి, అక్కడికెళ్లి అడగండి." 68 ఏళ్ల మనిషండీ. రెండు బస్సులు మారి వెళ్లాడు.

ఆయన అడిగింది పెద్ద కోరికేం కాదు. మా లావేరు వైపు శివారు భూములకి మడ్డువలస ప్రాజెక్టు రెండో దశ కాలువ నీళ్లే ఆధారం. కాలువలో గుర్రపుడెక్క తీయించండి, మా మదుము (పొలాలకి నీళ్లు వదిలే తూము) దాకా నీళ్లు దిగేలా చూడండి అని రాశాడు, అంతే. నిన్న సాయంత్రం నేనే వెళ్లి చూశాను. ఆకుమడి (వరి నారు పోసిన మడి) బీటలిచ్చింది, ఒక బీటలో నా నాలుగు వేళ్లూ దిగిపోయాయి. నారు కొసలు ఎర్రబడ్డాయి. ఇంకో పది రోజులు పోతే ఆ నారు ఉభాలకి, అంటే నాట్లకి, పనికిరాదు.

మడ్డువలస ప్రాజెక్టు ఉన్నది వంగర మండలంలో. అది కూడా మా జిల్లాయే, 2022 ఏప్రిల్ 4 దాకా. కొత్త జిల్లాలు చేసిన ఆ రోజు రాజాం, వంగర, రేగిడి, సంతకవిటి మండలాలు నాలుగూ విజయనగరంలోకి వెళ్లాయి. మా ఎచ్చెర్ల నియోజకవర్గంలోని జి.సిగడాం, లావేరు, రణస్థలం, ఎచ్చెర్ల మాత్రం శ్రీకాకుళంలోనే ఉండిపోయాయి. మంచిదే, మేం కోరుకున్నదీ అదే. కానీ మా ఎంపీ ఎవరు? విజయనగరం ఎంపీ! 2009 నుంచీ ఇదే వరస. పార్లమెంటు స్థానానికో జిల్లా అని చెప్పి కదా కొత్త జిల్లాలు చేశారు? మరి మా దగ్గర ఆ లెక్క ఎందుకు తప్పింది? కలెక్టరు ఒక ఊళ్లో, ఎంపీ ఇంకో ఊళ్లో, మా నీళ్ల గేటు ఇంకో జిల్లాలో. ఎవరి దగ్గరికెళ్లినా పక్కవాళ్ల మీదకి తోసేస్తారు.

ఓట్లప్పుడు మాత్రం ఇంటింటికీ వస్తారు. అప్పుడు మా ఊరు ఏ జిల్లాలో ఉందని ఎవరూ అడగరు.

మాదేమీ ఊరూ పేరూ లేని నియోజకవర్గం కాదు. ఇక్కడి నుంచి ప్రతిభా భారతి గారు 1983 నుంచి 1999 దాకా వరసగా అయిదుసార్లు గెలిచారు. రాష్ట్ర అసెంబ్లీకి మొదటి మహిళా స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీకి మనిషినిచ్చిన చోటు నుంచి ఒక రైతు అర్జీ పట్టుకుని రెండు జిల్లాలు తిరగాలా?

కొవ్వాడ సంగతి తలుచుకుంటే నాకు ఇంకా మండుతుంది. గుజరాత్‌లో మిఠీవిర్ది రైతులు అణు కేంద్రం వద్దని గట్టిగా నిలబడ్డారు. దాన్ని తెచ్చి మా రణస్థలం మండలంలోని కొవ్వాడలో పెడతామన్నారు. ఒక్కోటి 1208 మెగావాట్లట, అలాంటి రియాక్టర్లు ఆరు. భూములు తీసుకోవడానికి వచ్చినప్పుడు "ఇది మా జిల్లా కాదు" అని ఒక్క ఆఫీసరైనా అన్నాడా? సముద్రం మీద బతికే వాళ్లని ఊరొదిలి వెళ్లమన్నారు. వల ఆరేసుకునే ఇసక పోతే వాళ్లు ఏం తిని బతకాలి?

ఇప్పటికే ఇక్కడ వేట సాగక గుజరాత్‌లోని వేరావల్ పోతున్నారు మా జాలర్లు. 2018లో మన రెండు జిల్లాల వాళ్లు అక్కడి నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కారు. ఏడాది పైగా కరాచీ జైల్లో మగ్గి, 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. వాళ్లని విడిపించమని వాళ్లింటి ఆడవాళ్లు ఎన్ని గుమ్మాలెక్కి దిగారో మాకు తెలుసు. తీరంలో పనుంటే వాళ్లకి ఆ గతి పట్టేదా?

మళ్లీ నియోజకవర్గాలు విడగొడతారంటున్నారు కదా. ఈసారైనా మా నాలుగు మండలాల్నీ శ్రీకాకుళం పార్లమెంటులో కలపండి. అంబేద్కర్ యూనివర్సిటీ పేరులో శ్రీకాకుళం ఉంది, అది ఉన్నది మా ఎచ్చెర్లలో. చదువుకీ, ఆసుపత్రికీ, సంతకీ, పెళ్లి బట్టలకీ మేం పోయేది శ్రీకాకుళమే. ఎంపీ ఒక్కడే ఎందుకు వేరే?

చిన్నాన్న కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. "ఏటి సేస్తాం అమ్మా, మనకెవులూ నేరు" అన్నాడు. మనకెవరూ లేరన్న ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సోమవారం మళ్లీ శ్రీకాకుళం వెళ్తున్నాం, ఈసారి ఆయనతో నేనూ వెళ్తాను. అర్జీ తీసుకుని రసీదు ఇచ్చేదాకా కదలను. మన శివారు రైతులెవరైనా వస్తానంటే పొద్దున్న ఎనిమిదింటికి లావేరు జంక్షన్ దగ్గర ఉంటాం. ఎండిన ఆకుమడి ఫోటోలు తీసి ఉంచండి, పాసుపుస్తకం జిరాక్సు కూడా తెచ్చుకోండి.