కేరాఫ్ రాయనివ్వండి, నివాసం రాయనివ్వకండి

నిలువ నీడ లేని తమ్ముడో మేనకోడలో వచ్చి నాలుగు రోజులు ఉంటామంటే సర్దుకుపోయే కుటుంబాలు కూడా, "నా ఉత్తరాలు మీ ఇంటికి వచ్చేలా రాయించుకుంటాను" అనేసరికి ఒకడుగు వెనక్కి వేస్తాయి. డబ్బయితే ఇచ్చి మరచిపోవచ్చు. చిరునామా ఇస్తే ఎవరి అప్పులు, ఏ నోటీసులు గుమ్మంలోకి వచ్చి పడతాయోనన్న గుబులు. ఆ గుబులు అర్థం లేనిదని నేననను. భయపడాల్సిన చోట కాక మరోచోట భయపడుతున్నారన్నదే నా అభ్యంతరం.

ముందు అడిగేవారి అవసరం చూద్దాం. బ్యాంకు ఖాతా, ఉద్యోగ దరఖాస్తు, వైద్యుడి అపాయింట్‌మెంటు, కోర్టు వాయిదా, దేనికైనా చిరునామా కావాలి. ఇల్లు ఇప్పించమని పెట్టుకునే దరఖాస్తులో కూడా ఇల్లెక్కడో రాయమంటారు! భత్యం అందుకుంటున్న వ్యక్తికి "ఫలానా తేదీలోగా మీ వివరాలు ధ్రువీకరించండి" అని ఒక లేఖ బయలుదేరుతుంది. అది చేరదు కాబట్టి జవాబు వెళ్లదు. ఆఫీసులో గుమాస్తా ఫైలు మీద "స్పందన లేదు" అని రాస్తాడు, డబ్బు ఆగిపోతుంది. తిరిగి మొదలుపెట్టించాలంటే కొత్త దరఖాస్తు, అందులో మళ్లీ చిరునామా. ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు, కవరు అందలేదంతే.

ఇక అప్పుల భయం. అప్పు చేసిన మనిషిది, అతని ఉత్తరాలు వచ్చే ఇంటిది కాదు. ఒకరి బాకీ వల్ల ఆ ఇంట్లో అందరికీ రుణాలు పుట్టవని బ్రిటన్‌లో ఒక నమ్మకం పాతుకుపోయింది. నిజానికి అక్కడ ఎవరి అప్పుల చరిత్ర ఎలా ఉందో నమోదు చేసే క్రెడిట్ సంస్థలు ఇద్దరి చరిత్రలను కలిపేది ఉమ్మడి ఖాతా, ఉమ్మడి రుణం వంటి ఆర్థిక సంబంధం ఉన్నప్పుడే. చిరునామా ఒకటైనంత మాత్రాన ముడిపెట్టరు. వసూలు ఏజెంట్లు వచ్చి తలుపు తట్టవచ్చు, ఆ చికాకు మాత్రం తప్పకపోవచ్చు. "ఆయన ఇక్కడ ఉండరు, ఉత్తరాలు మాత్రమే వస్తాయి" అని స్పష్టంగా చెప్పి పంపాలి.

అసలు చిక్కు దరఖాస్తు ఫారంలో ఉంది. చాలా ఫారాల్లో నివాసానికి ఒక గడి, ఉత్తరాలు పంపాల్సిన చోటికి ఇంకో గడి ఉంటాయి. మొహమాటానికో తొందరలోనో రెండింటిలోనూ మీ ఇంటి నంబరే రాస్తే, కాగితాల ప్రకారం ఆ బంధువు మీ ఇంటి మనిషి అయిపోతాడు. బ్రిటన్‌లో ఇంట్లో ఒక్క వయోజనుడే ఉంటే స్థానిక సంస్థకు కట్టే కౌన్సిల్ పన్నులో 25 శాతం తగ్గిస్తారు. రెండో వ్యక్తి అక్కడే నివసిస్తున్నట్టు నమోదైతే ఆ తగ్గింపుపై ప్రశ్నలు మొదలవుతాయి. అమెరికాలో ప్రభుత్వ సబ్సిడీ ఇళ్లలో ఎవరెవరు ఉంటారో అద్దె ఒప్పందంలోనే రాసి ఉంటుంది. అనుమతి లేని మనిషి చేరాడని తేలితే మొత్తం కుటుంబానికే ఎసరు రావచ్చు. అంటే ఈ సాయం ఎక్కువ ప్రమాదంలో పడేసేది కలిగినవారిని కాదు, తామే అంతంతమాత్రంగా బతుకుతూ ఇతరులకు చేయి అందించేవారిని. అందుకే వారిని పిరికివారని తీసిపారేయలేను.

దీనికి విరుగుడు పెద్ద కష్టమేమీ కాదు. నివాసం గడిలో ఉన్నమాటే, "స్థిర నివాసం లేదు" అని రాయాలి. ఉత్తరాల గడిలో అతని పేరు, కేరాఫ్ అని మీ పేరు. మీరు అద్దె ఇంట్లో ఉంటే యజమానికి ముందే చెప్పడం మేలు. అతను అక్కడ ఉండటం లేదని, ఉత్తరాలు మాత్రమే వస్తాయని ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి దగ్గర పెట్టుకుంటే రేపు ఎవరైనా అడిగినా చూపవచ్చు.

ఉత్తరం వచ్చాక మరో పరీక్ష. అతని పేరున వచ్చిన కవరు చించి చూసే హక్కు, మనం అన్నయ్యమైనా అక్కయ్యమైనా, మనకు లేదు. ఇతరుల గుట్టు తెలుసుకోవాలని వారికి చేరాల్సిన ఉత్తరాన్ని తీసుకుంటే అమెరికా చట్టం ఐదేళ్ల వరకు జైలు శిక్ష వేయవచ్చు. తెరిచి, ఫోటో తీసి పంపమని అతనే అడిగితే సరే. ఆ మాట కూడా కాగితం మీదే ఉండనివ్వండి.

ఇంతకీ ఈ భారం బంధువుల మీదే ఎందుకు పడాలి? ఫ్రాన్స్‌లో స్థిర నివాసం లేనివారు పురపాలక సామాజిక కేంద్రాన్నో గుర్తింపు పొందిన సంస్థనో తమ చిరునామాగా పెట్టుకోవచ్చు. అది ఏడాది చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. అమెరికా తపాలా శాఖ "జనరల్ డెలివరీ" పేరుతో వచ్చిన ఉత్తరాలను పోస్టాఫీసులోనే గరిష్ఠంగా 30 రోజులు ఉంచుతుంది. భారత ఎన్నికల సంఘం నిబంధనల ప్రకారం నిరాశ్రయులు ఓటు కోసం ఫారం 6 ఇస్తే, వారు చెప్పిన చోటే నిద్రిస్తున్నారో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి చూస్తారు. నిర్ధారణ అయితే చిరునామా పత్రం అక్కరలేదు. ఓటు దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం రాత్రిపూట కూడా వీధుల్లో తిరగగలదన్నమాట. మిగతా శాఖలు పగటిపూట పనిచేసినా చాలు.

అంతవరకు అన్నయ్య ఇంటి తపాలా పెట్టే దిక్కు. ఎన్నాళ్లన్నది మొదటే మాట్లాడుకోండి. ఇక కుదరదనుకుంటే ముందుగా చెప్పి, కొత్త చిరునామా చూసుకోవడానికి వ్యవధి ఇవ్వండి. చెప్పాపెట్టకుండా "ఇక్కడ లేరు" అని రాసి కవర్లు తిప్పి పంపితే ఆ కబురు ముందు బ్యాంకుకు, భత్యం ఇచ్చే ఆఫీసుకు అందుతుంది, తమ్ముడికి అందరికన్నా చివర తెలుస్తుంది.